అపరిచిత సభలో ఏడో నంబరు

మరపు తెర కిందికి వెళ్ళే ప్రతి సభ్యుడూ ముందుగా ఒక జ్ఞాపకం చెప్పి వెళ్ళాలన్న నియమం పెట్టింది డాక్టర్ నీలాచలమే. తిరిగి వచ్చాక మళ్ళీ అదే అడిగితే, పోయినదేదో మిగిలినదేదో తేలుతుంది. ఆ నియమం రాసిన రోజున, ప్రయోగశాలలోని ఆ పేము కుర్చీలో ఒకనాడు తన సొంత అక్క కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంటుందని అతను ఊహించలేదు.

దాలమ్మకు అరవై మూడేళ్ళు. నీలాచలం కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఉప్పుటేటి ఒడ్డున ఉన్న పాతకొటారులో అక్కను అప్ప అంటారు. డాక్టరేటు పుచ్చుకుని, విశాఖపట్నంలో నాడీశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాక కూడా అతనికి ఆమె అప్పే.

“ముఖ్యం కానిదేదైనా చెప్పండమ్మా,” అంది జమీలా, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని. ఆమె నీలాచలం శిష్యురాలు, ఇప్పుడు సహోద్యోగి. “నిన్న ఏం కూర తిన్నారో చెప్పినా చాలు. ఇప్పుడే తలచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి ఉంటుంది. తెర దింపినప్పుడు ఎక్కువగా నలిగేది అదే.”

“అంటే సెప్పిందే పోద్దన్నమాట.”

“పోవచ్చు, పోకపోవచ్చు. పదిమందిలో ముగ్గురికి పోయింది.”

“మా తమ్ముడికి పోనాది గదా, ఏరు దాటించిన సంగతి?”

కిటికీ దగ్గర నిలబడి ఉన్న నీలాచలం తల తిప్పలేదు. తొలి రోజుల్లో అతను తెర దింపే మందును తన మీదే పదకొండుసార్లు ప్రయోగించుకున్నాడు. ఏమీ పోలేదనే అనుకున్నాడు. పోయిన జ్ఞాపకం పోయినట్టు తెలియదు. ఆ చోట ఖాళీ కూడా కనబడదు. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అప్ప నవ్వుతూ, “నిన్ను బడిలో ఎయ్యడానికి ఏరు దాటించిన రోజు గురుతుందిరా?” అంది. అతనికి ఏరు గుర్తుంది, బడి గుర్తుంది. ఆ రోజు లేదు. ఆ నియమం పుట్టింది ఆ భోజనాల దగ్గరే.

“అది తప్ప ఇంకేదైనా చెప్పప్పా,” అన్నాడతను.

“ఆడికి నేదు, నాకున్నాది,” అంది దాలమ్మ జమీలాతోనే. “కాయితం మీద నేకపోతే రేపు ఇద్దరికీ నేకుండా పోద్ది. రాయమ్మా.”

జమీలా అతని వంక చూసింది. అతను మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆమె రాసుకుంది.

ఆ రోజు ఏటిలోకి సముద్రపు పోటు ముందుగా వచ్చేసింది. దాలమ్మకు పదిహేనేళ్ళు, తమ్ముడికి ఆరు. వాణ్ణి మెడ మీద ఎక్కించుకుంది. వాడి చేతుల్లో కొత్త పలక. నడి ఏటిలో నీళ్ళు గెడ్డం దాకా వచ్చాయి. వాడు ఏడవలేదు, పలకను మాత్రం ఆకాశానికేసి ఎత్తి పట్టుకున్నాడు. బడిలో పెద్దపంతులుగారు పుట్టిన తేదీ అడిగితే, “తుపానుకి ఉప్పు మడులు కొట్టుకుపోయిన ఏడు” అని చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కకట్టి ఏదో తేదీ వేసుకున్నాడు. చివర వేలిముద్ర వేయమన్నాడు. ఉప్పుకు అరిగిన వేలు. మూడుసార్లు అద్దినా గీత పడలేదు.

“‘ఇదేమి వేలమ్మా, నువ్వెవరని రాయమంటావు?’ అన్నాడాయన. ‘ఈడి అప్పని అని రాయండి’ అన్నాను. అలాగే రాసినాడు. అంతే. రాసీసినావేటి?”

“రాశానమ్మా,” అంది జమీలా.

*

వారం కిందట నీలాచలం పాతకొటారు వెళ్ళాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని మడి గట్టు మీద కూర్చున్నాడు. దాలమ్మ చెక్క గొర్రుతో ఉప్పు లాగుతోంది. ఒక్కో లాగుడుకూ తెల్లని గీత ఒకటి ఆమె కాళ్ళ దగ్గరికి నడిచి వస్తోంది.

“పేరు వచ్చినవాళ్ళు వద్దనుకోవచ్చప్పా. ఒక్క సంతకం చాలు. ఇంకొకరి పేరు తీస్తారు.”

“లాటరీలో నాకు వొచ్చింది. ఇంకొకరికి ఎందుకెల్లాలి?”

“నీకు అరవై దాటాయి. ఆ వయసువాళ్ళ మీద మేం ఎక్కువ పరీక్షలు చేయలేదు.”

“మరి చెయ్యి.”

అతను నవ్వలేదు. దాలమ్మ గొర్రు ఆపి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఒరే, ఆ తెర కింద ఉన్నంత సేపూ నా నడుం నొప్పి కూడా మర్సిపోతానేటి?”

“అది పోదప్పా.”

“అయితే మరేటిరా నీ గొప్ప!”

గొప్ప ఏమిటో అతను ఆమెకు అంతకుముందే చెప్పి ఉన్నాడు. ముక్కులోకి రెండు తుంపర్లు, నుదుటి చుట్టూ ఒక రాగి పట్టీ. ఆరు గంటలపాటు మనిషికి తానెవరో తెలియదు; తెర అంటే అదే. బియ్యం ధర తెలుస్తుంది, లెక్క తెలుస్తుంది, మాట తెలుస్తుంది. తన పేరు, ఇల్లు, కులం, ఆస్తి, అప్పు మాత్రం తెలియవు. శాసనసభలో రెండు పఠనాలు దాటిన బిల్లు మూడో పఠనానికి ముందు ఇలాంటి పదకొండుమంది ఎదుటికి రావాలని ఆ ఏడే కొత్త నిబంధన వచ్చింది. దానికి అపరిచిత సభ అని పేరు. బిల్లు వల్ల లాభపడేవారిలో ముగ్గురు, నష్టపడేవారిలో ముగ్గురు, సంబంధం లేనివారిలో ఐదుగురు. అందరినీ చీటీలతోనే తీస్తారు. ఆరు ఓట్లు పడితేనే బిల్లు ముందుకు వెళ్తుంది. మొట్టమొదటి సభకు వచ్చిన మొట్టమొదటి బిల్లు, ఉప్పు మడుల సాగు హక్కు బిల్లు.

పాతకొటారులో మడులను ఏటా వేలం వేస్తారు. ఎవరు పాడుకుంటే వారి కింద కూలి. బిల్లు గెలిస్తే వేలం పోతుంది. మడిలో పనిచేసేవారికే ఇరవయ్యేళ్ళ హక్కు వస్తుంది. ఓడితే ఇంకో పదేళ్ళ దాకా దాని మాట ఎత్తేవారు ఉండరు. దాలమ్మ నలభై ఎనిమిదేళ్ళుగా లాగుతున్న మడి, ఆ ఏడు కూడా ఆమెది కాదు.

“మన మడి తగువుకి నాను ఓటెయ్యడం నాయమేనా?” అని అడిగిందామె ఆ రోజు. ఆ ప్రశ్నకు నీలాచలం ఆశ్చర్యపోయాడు. న్యాయశాస్త్రంలో అన్నిటికంటే పాత సూత్రాల్లో అదొకటి: తన తగువుకు తానే తీర్పరి కారాదు. కోర్టులో దాన్ని పాటించడం తేలిక. సంబంధం ఉన్న న్యాయమూర్తి కుర్చీ దిగిపోతాడు. చట్టం చేసేచోట మాత్రం ప్రతి మనిషికీ ప్రతి చట్టంతోనూ ఏదో ఒక సంబంధం ఉంటుంది. అందరూ దిగిపోతే కుర్చీలు మిగులుతాయి, చట్టం మిగలదు. అందుకే మనిషిని కుర్చీలో ఉంచి, అతనిలోని ‘నేను’ను మాత్రం ఆరు గంటలు బయట కూర్చోబెట్టే మందు కోసం అతను పందొమ్మిదేళ్ళు ఖర్చు చేశాడు.

“నీకు మడి ఉందని నీకే తెలియదప్పా. అప్పుడు న్యాయమే.”

“అయితే మంచిదే,” అని దాలమ్మ మళ్ళీ గొర్రు అందుకుంది. “వొస్తాను.”

*

సభాభవనంలో అద్దాలన్నీ తీసేశారు. పదకొండుమందికీ ఒకే బూడిదరంగు నేత బట్టలు. ఉంగరాలు, గాజులు, తాళ్ళు అన్నీ పేర్లు రాసిన సంచుల్లోకి వెళ్ళాయి. అందరూ ఉప్పు మడులున్న రెండు జిల్లాల తీరం వారే కాబట్టి మాట తీరు ఎవరినీ పట్టివ్వదు. విశ్రాంత న్యాయమూర్తి సుగుణాకరరావు అధ్యక్షుడు. ఆయనకు తెర లేదు, ఓటూ లేదు.

సభ్యుల్లో తన అక్క ఉందని నీలాచలం ముందే ఉత్తరం రాసి, తాను తప్పుకుంటానన్నాడు. సుగుణాకరరావు ఒప్పుకోలేదు. “మందు మీ సహోద్యోగి ఇస్తారు. మీరు గాజు గోడ వెనక కూర్చుని చూడండి. సభలో మాట మీకు వినబడుతుంది, మీ మాట సభకు వినబడదు. అది మీకూ మంచిదే,” అన్నాడాయన.

తెర దిగిన మొదటి పావుగంటా పదకొండుమందీ కొత్త ఇంట్లో నిద్రలేచినవారిలా చుట్టూ చూశారు. ఆ తరువాత నీలాచలం ఎదురుచూడనిది ఒకటి జరిగింది. ఎదుటి మనిషి పెద్దో చిన్నో, ధనికుడో కూలో ఎవరికీ తెలియదు. తనమాట కూడా తనకు తెలియదు. ఎవరిని ‘నువ్వు’ అనాలో తేలక అందరూ అందరినీ ‘మీరు’ అన్నారు.

“మీరు కాస్త జరుగుతారా, రెండో నంబరు గారూ?”

“అయ్యో, కూర్చోండి తొమ్మిదో నంబరు గారూ.”

గాజు గోడ వెనక నీలాచలం పక్కన కూర్చున్న జమీలా నవ్వు ఆపుకోలేకపోయింది. “సర్, ఈ మందు దీనికోసం కూడా పనికొస్తుంది.”

నీలాచలం కళ్ళు ఇద్దరి మీదే ఉన్నాయి. ఏడో నంబరు నడుం పట్టుకుని కుర్చీలో సర్దుకుంటోంది. ఆమెకు ఎదురుగా నాలుగో నంబరు: భారీ మనిషి, నున్నని చేతులు. తన పేరు సన్యాసిరావు అనీ, వరుసగా ఆరేళ్ళు పాతకొటారు మడులను వేలంలో పాడుకున్న గుత్తేదారు తానేననీ ఆ క్షణాన అతనికి తెలియదు. పేరు పోయినా గొంతులోని అధికారం పోలేదు.

“వేలం తీసేస్తే నష్టమేమిటో కూడా చూడాలి కదండీ,” అన్నాడు నాలుగో నంబరు. “ఏటా పోటీ ఉంటే ఏటా మంచి ధర వస్తుంది. పని చేసేవారు ఎవరైనా ఒకటే. ఉప్పు లాగడానికి పెద్ద విద్య కావాలా?”

ఇద్దరు ముగ్గురు తల ఊపారు. అతనిది దురుద్దేశం కాదు. తెలియని మనిషి నిజాయితీగా అడిగిన ప్రశ్న. నీలాచలం కాగితం మీద గీతలు పెడుతున్నాడు: అటు నలుగురు, ఇటు నలుగురు, తేల్చుకోనివారు ముగ్గురు.

బల్ల మధ్యలో ఒక గాజు గిన్నె ఉంది. అందులో నిరుడు వేలం మడిలో తీసిన ఉప్పు. సభ్యులు చర్చిస్తున్న వస్తువు వారి కళ్ళ ముందు ఉండాలని ప్రయోగశాలవారే దాన్ని అక్కడ పెట్టారు. పెట్టినవారికి అది కేవలం సమాచారం.

ఏడో నంబరు చెయ్యి చాపి చిటికెడు తీసుకుంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రెండుసార్లు దొర్లించింది.

“ఏటిది, పచ్చి ఉప్పు,” అంది.

అందరూ తలలెత్తారు.

“గింజ గట్టిపడకముందే లాగీసినారు. సేదు నీరింకా లోపలే ఉన్నాది. ఇంకో రెండ్రోజులు ఆగవలసింది.”

“మరి ఎందుకు ఆగలేదంటారు, ఏడో నంబరు గారూ?” అన్నాడు నాలుగో నంబరు. ఆ గొంతులో ఉన్నది ఉత్త కుతూహలమే.

“ఆగడానికి ఆడికి వొచ్చే ఏడు ఆ మడి ఉంటాదో నేదో తెల్దు గదండీ. ఉప్పంటే సముద్రం నీరొక్కటే కాదు, మడి అడుగు. ఏటేటా కాళ్ళతో తొక్కితే ఆ మట్టి రాయిలాగ కుదురుద్ది. ఐదారేళ్ళు పడతాది. ఏడాదికో మనిషొస్తే ఎవుడు తొక్కుతాడు? అడుగు మెత్తగుంటే బురద ఉప్పే వొస్తాది. ఇదిగో, ఈ ఎరుపు సూడండి.”

నాలుగో నంబరు ముందుకు వంగి చూశాడు. ఎరుపు ఉంది.

చెప్పడం ముగించాక కూడా ఏడో నంబరు వేళ్ళు ఆ గింజను దొర్లిస్తూనే ఉన్నాయి. ఆమె వాటివంక చూసుకుంది. ముందు మామూలుగా, తరువాత, ఎవరిదో ఉత్తరం తన పేరున వచ్చినట్టు. అరచేయి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

“సర్, తెర చిరిగింది,” అంది జమీలా నెమ్మదిగా.

నీలాచలానికి ఒక్కసారిగా అర్థమైంది. ముప్పై ఒక్కమంది మీద పరీక్షించారు. అందరూ ప్రయోగశాలవారు, విద్యార్థులు, ఆచార్యులు; మాటలతో బతికేవారు. ‘నేను’ పోగానే వారి దగ్గర మిగిలిందేమీ లేదు. చేతులు పని మరచిపోవని పుస్తకాల్లో అతను వందసార్లు చదివాడు. అయినా వాటి సంగతి ఆలోచించలేదు, వారి చేతులకు చెప్పడానికి ఏమీ లేదు గనుక. ఉప్పు మడి గట్టు మీద పెరిగినవాడు ఆలోచించవలసింది. అతను తన అరచేతులు చూసుకున్నాడు. నాలుగో నంబరు చేతులంత నున్నగా ఉన్నాయి.

అవతల ఏడో నంబరు ఇంకా మాట్లాడలేదు.

మాట్లాడకు అప్పా, అనుకున్నాడతను. ఎవరికీ తెలియదు. చెయ్యెత్తు, చాలు. అనుకున్న వెంటనే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. గాజు గోడ ఎందుకు మంచిదన్నాడో ఆ పెద్దాయన, అప్పుడు తెలిసింది.

“అద్దెచ్చులు గారూ, ఒక మాట,” అంది ఏడో నంబరు. లేచి నిలబడింది. “నాను ఉప్పు మడిలో పని చేసినదాన్నయుండాల. పేరు తెల్దు, ఊరు తెల్దు. గాని ఈ ఏలికి తెలిసినదేదో నాకు తెలిసిపోనాది. ఈ చట్టం వొస్తే నాకు లాబం. నా తగువుకి నాను ఓటెయ్యడం బాగోదు. నన్ను తీసీయండి.”

సుగుణాకరరావు కళ్ళజోడు తీశాడు. ముప్పై నాలుగేళ్ళు న్యాయస్థానంలో కూర్చున్న మనిషి. తమకు సంబంధం లేదని ప్రమాణం చేసి చెప్పినవారిని ఆయన ఎందరినో చూశాడు. సంబంధం ఉందని, అడగకుండా లేచి చెప్పినవారిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ.

“అమ్మా,” అన్నాడు. వెంటనే సర్దుకున్నాడు. “ఏడో నంబరు గారూ. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.”

“నాకు తెలిసింది గదండీ.”

“మీరు తప్పుకున్నా కావలసినవి ఆరు ఓట్లే. ఓటు తగ్గితే ఆ లెక్క తగ్గదు. అది కూడా తెలుసుకుని చెప్పండి.”

ఆమె ఒక్క క్షణం ఆగింది. తనకు తెలియని తన ఊరు, తనకు తెలియని తనవాళ్ళు ఆ క్షణంలో ఎక్కడో నిలబడి ఉండాలి.

“తెలిసే సెప్తన్నాను. ఓటు మానీసినా, నా మాట ఉంటాదా? ఇందాక సెప్పింది?”

“ఉంటుంది. మీరు ఇక సాక్షి. సాక్షికి ఓటు ఉండదు గానీ, మాట ఉంటుంది.”

“అయితే సరే,” అని ఆమె బల్ల దగ్గరనుంచి వెళ్ళి గోడవారనున్న బెంచీ మీద కూర్చుంది. కాళ్ళు పైకి ముడుచుకుంది.

అధ్యక్షుడు గిన్నెను అందరి చేతికీ పంపించాడు. మిగిలిన పదిమందికీ అది ఉప్పే. లారీకి బస్తాలెత్తే ఐదో నంబరుకూ అంతే, గోనె సంచులు కుట్టే పదో నంబరుకూ అంతే. వారి వేళ్ళకు తెలిసిన పని వేరు. ఇంకెవరికైనా తామెవరో తెలిసిందా అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఎవరూ లేవలేదు.

ఇంకో గంట మాటలు సాగాయి. చివరికి చేతులెత్తమన్నాడు.

ఒక చెయ్యి. రెండు. మూడు. నాలుగు. గాజు గోడ వెనక నీలాచలం లేచి నిలబడ్డాడు. ఐదు.

ఐదు దగ్గర ఆగింది.

నాలుగో నంబరు గిన్నెలోంచి ఒక గింజ తీసి నాలిక మీద వేసుకున్నాడు. ముఖం చిట్లించాడు. బెంచీ వంక తిరిగి, “రెండ్రోజులు ఆగితే ఈ చేదు పోతుందంటారు?” అని అడిగాడు.

“పోద్దండి.”

“అడుగు కుదరడానికి ఐదారేళ్ళు?”

“తక్కువ పట్టదండి.”

“అయితే ఏడాదికోసారి మనిషిని మార్చడం బుద్ధితక్కువ పని కదండీ,” అని నాలుగో నంబరు తనలో తాను అనుకున్నట్టు అని, చెయ్యి ఎత్తాడు. ఆరో చెయ్యి.

*

తెర లేచాక అందరికంటే ముందు అరిచింది సన్యాసిరావే. తెర కింద జరిగిందంతా గుర్తుంటుంది. అది నీలాచలం కావాలనే ఉంచిన ఏర్పాటు. చేసిన పని మరచిపోయే హక్కు చట్టం చేసేవారికి ఉండకూడదని అతని నమ్మకం.

“నేనేటి, చెయ్యెత్తడమేటి! డాక్టరుగారూ, ఇది లెక్కలోకి రాదు. అప్పుడు నేనెవరో నాకు తెలీదు!”

“అందుకే సరిగ్గా ఎత్తినావు సన్యాసిరావు బాబూ,” అంది దాలమ్మ, సంచిలోంచి తన గాజులు తీసి తొడుక్కుంటూ.

గదిలో అందరూ నవ్వారు. సన్యాసిరావు ఎర్రబడ్డాడు. “ఏం దాలమ్మా, నువ్వు...” అని మొదలుపెట్టి ఆగాడు. ఆరు గంటల అలవాటు ఇంకా నోటిలోనే ఉంది. “మీరు ఓటు మానేశారు. నేనే గనక మీ చోట ఉంటే...” ఆ వాక్యం ఎక్కడికి వెళ్తుందో అతనికే తెలియలేదు. ఉంగరాల సంచి అందుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర గిన్నెవంక ఒకసారి చూసి మరీ వెళ్ళాడు.

నివేదికలో ఏం రాద్దామని జమీలా అడిగింది. మొదటి సభలోనే తెర చిరిగిందని రాస్తే నిధులు ఆగిపోవచ్చు.

“చిరిగిందనే రాయి. ఎక్కడ చిరిగిందో, ఎవరి పొరపాటో కూడా రాయి. నా పేరు రాయి,” అన్నాడు నీలాచలం. “ఇంకొకటి కూడా రాయి. మనం పందొమ్మిదేళ్ళు ఒక్క సూత్రమే పట్టుకున్నాం, తన తగువుకు తాను తీర్పరి కాకూడదని. దాని పక్కనే రెండోది ఉంది: తీర్పుకు ముందు తెలిసినవాళ్ళ మాట వినాలని. తెలిసినవాళ్ళను కూడా తెర కిందే కూర్చోబెట్టి, వాళ్ళ నోటికి మనమే అడ్డం పడ్డాం. ఇకమీదట తెర దిగకముందే సాక్షులు రావాలి. తమ పేరుతో, తమ చేతులతో వచ్చి చెప్పి వెళ్ళాలి. ఆ తరువాతే తెర.”

“ఇది మీరు కనిపెట్టింది కాదు సర్,” అంది జమీలా.

“కాదు, అప్ప కనిపెట్టింది,” అన్నాడతను. ఆ మాట అంటున్నప్పుడు అతని ఛాతీ ఎందుకో పొంగింది. తన జీవితంలో అందుకున్న ఏ పతకానికీ అలా పొంగలేదు.

పరీక్ష మిగిలింది. దాలమ్మ పేము కుర్చీలో కూర్చుంది. తన పేరు చెప్పింది, పోయిన భర్త పేరు చెప్పింది, పాతకొటారులో ఇంటి ముందు ఎన్ని మెట్లో చెప్పింది. తమ్ముడి వంక చూసి, “ఈడు నీలాచలం. సిన్నప్పుడు నీలిగాడు,” అంది. జమీలా నవ్వి నోటుపుస్తకం తిప్పింది.

“పొద్దున మీరు నాకొక సంగతి చెప్పారమ్మా. ఏమిటది?”

“నానేటి సెప్పేను?” దాలమ్మ నుదురు ముడిచింది. “సెప్పేనేటి?”

“ఏరు దాటించిన సంగతి.”

“ఏ ఏరు?”

జమీలా తలెత్తలేదు. నీలాచలం బల్ల అంచు పట్టుకున్నాడు. అతనికి అది ఎన్నడూ గుర్తుకు రాలేదు. అయినా ఆ క్షణంలో దాన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

“ఏదో పెద్దదే పోనట్టుంది. మీ మొకాలు సూస్తే తెల్సిపోతంది,” అంది దాలమ్మ, ఇద్దరినీ మార్చి మార్చి చూసి. “పోనీయండి. ఎలాగా ఆ కాయితం మీద ఉండే ఉంటాది గదా.”

వెళ్ళేముందు సభ్యులు పుస్తకంలో వేలిముద్ర వేయాలి. జమీలా సిరా పెట్టె ముందుకు జరిపింది. దాలమ్మ బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. నల్లని మచ్చ పడింది; అందులో ఒక్క గీత లేదు. తుడిచి మళ్ళీ అద్దింది. మళ్ళీ మచ్చే. మూడోసారీ అంతే.

“పడటం లేదమ్మా,” అంది జమీలా, ఆలోచించకుండానే. “ఎవరని రాయమంటారు?”

“ఈడి అప్పని అని రాయి.”

జమీలా కలం ఆగిపోయింది. ఆమె పొద్దున రాసిన పుట వంక చూసింది. తరువాత నీలాచలం వంక చూసింది. అతను బల్ల దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోంచి నోటుపుస్తకం మెల్లగా తీసుకున్నాడు. కుర్చీ లాక్కుని అప్ప ఎదురుగా కూర్చున్నాడు.

“ఒకటి చదువుతాను, విను.”

“సదువు.”

అతను చదివాడు. పోటు ముందుగా వచ్చిన ఉదయం. పదిహేనేళ్ళ ఆడపిల్ల. ఆరేళ్ళ తమ్ముడు, మెడ మీద. దాలమ్మ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఎవరో పొరుగూరివాళ్ళ కథ వింటున్నట్టు ఆమె కళ్ళు విప్పారాయి.

“నడి ఏటిలో నీళ్ళు గెడ్డం దాకా వచ్చాయి...”

“ఓలమ్మ!” అంది దాలమ్మ. “ఎవుల గుంటో గాని, గట్టి గుంటరా.”

“గట్టిదే.”

“ఆ గుంటడు తడిసిపోనాడేటి?”

“లేదప్పా,” అన్నాడు నీలాచలం. “పలక కూడా తడవలేదు.”